అద్దం మీద ఫలకం

"ఏమండోయ్! ఎవరి గోడకి ఎవరు టేపు పెడుతున్నారు?"

బోర్డు ఆర్టిస్టు చేతిలో టేపు సర్రున వెనక్కి చుట్టుకుపోయింది. తిరిగి చూశాడు. కళ్ళజోళ్ళ షాపు గుమ్మంలో ఒకమ్మాయి, నడుం మీద చేతులు, ముక్కు మీద కోపం.

"గ్రంథాలయ సంఘం వాళ్ళు పంపారండీ. ఒకప్పుడు ఇది ప్రెస్సు కదా! ఎందరో రచయితల మొదటి పుస్తకాలు ఇక్కడే అచ్చయ్యాయి. గుర్తుగా ఈ గోడకి శిలాఫలకం పెడతారు. చెక్కేది నేనే."

చివరి ముక్క అనేటప్పుడు కాస్త ఛాతీ విరిచాడు. విరవడా మరి! ఇన్నాళ్ళూ టైర్ల కొట్లకీ, టైలర్లకీ బోర్డులు రాసినవాడు. రాతిపని దొరకడం ఇదే మొదలు.

"చెక్కుకోండి. గోడే ఉండదు. వచ్చే వారం పగలగొట్టించి కిటికీ పెట్టిస్తున్నా."

"చరిత్రని పగలగొడతారా?"

"లోపలికొచ్చి చూసి, అప్పుడు మాట్లాడండి."

లోపల పట్టపగలే లైట్లు. అయినా చీకటే.

"ఫ్రేము పెట్టుకున్నవాళ్ళకి అద్దంలో వాళ్ళ మొహమే సరిగ్గా కనపడదు. దారినపోయేవాళ్ళకి ఇక్కడో షాపుందనే తెలీదు. ఇలాగే ఉంటే మూసుకోవడమే. గుమ్మం పోను నాకు మిగిలింది ఆ జానెడు గోడేనండీ. మీ రాయి ఉండాలో, నా షాపు ఉండాలో మీరే చెప్పండి."

అతను నోరు తెరిచేలోపే మూల కుర్చీలోంచి, అప్పుడే కునుకు తేరిన ఒక ముసలి గొంతు వినిపించింది.

"ఎవరమ్మా? సంఘం వాళ్ళు పంపుతామన్న ఫలకం అబ్బాయేనా? ఎప్పుడు పెడుతున్నావు బాబూ? నేను చొక్కా కూడా ఇస్త్రీ చేయించుకున్నాను."

ఆమె తాతయ్య. ఈ ప్రెస్సులోనే కంపోజిటరుగా, సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చుతూ బతుకంతా గడిపిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు మొరాయించి, కుర్చీయే లోకమైంది.

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "గోడ పగలగొట్టే సంగతి ఆయనకింకా చెప్పలేదండీ. నోరు రావడం లేదు."

కోపం ఏమైపోయిందో, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడే పడిపోయాడండీ మనవాడు!

ఆ తర్వాత రోజూ ఏదో ఒక వంకతో వచ్చేవాడు.

"ఏం శిలాఫలకం గారూ, గోడ రాత్రికి రాత్రి పెరిగిందా?"

"తగ్గిందేమోనని అనుమానం, కిటికీ గారూ."

"మీ టేపు అరిగిపోతుంది, జాగ్రత్త!"

తాతయ్య మాత్రం ఏమీ విననట్టు కళ్ళు మూసుకునేవాడు.

ఒక సాయంత్రం జోరున వాన. ఇద్దరూ గుమ్మంలో నిలబడిపోయారు. ఎదురింటి కిటికీ అద్దం మీద నీళ్ళు గీతలు గీతలుగా జారుతున్నాయి. అతను చాలాసేపు అటే చూశాడు.

"ఫలకం మీ కిటికీ అద్దం మీదే రాసేస్తే?"

"మరి మీ రాతిపని?"

"పోతుంది."

"మొదటిసారి వచ్చిందని మొన్న అన్నారుగా. ఎందుకు వదులుకోవడం?"

"మీ షాపు ఉండాలి. తాతగారి కోరికా తీరాలి. రాయి మళ్ళీ దొరుకుతుందిలెండి."

ఆమె ఆ రోజు ఒక్క ఎగతాళి మాట కూడా అనలేదు. వాన తగ్గినా అతన్ని వెళ్ళమనీ అనలేదు.

"చదివేవాడికి అక్షరం కావాలోయ్, రాయెందుకు?" అని సంఘం అధ్యక్షుడు కూడా ఒప్పేసుకున్నాడు. గోడ పోయి కిటికీ వచ్చింది, షాపులోకి వెలుగొచ్చింది. తెల్లారితే ఆవిష్కరణ కాబట్టి అద్దానికి బయట తెర కట్టారు.

ఎండకీ వానకీ రంగు పోకుండా ఉండాలంటే అద్దానికి లోపలివైపు రాయాలి. అంటే, వీధిలోంచి తిన్నగా కనిపించేలా లోపల్నించి తిరగేసి రాయాలి. చేయి అలవాటు కావడానికి ముందు కింద మూలన చిన్నగా ఒక ట్రయల్ వేశాడు. లోపలివాళ్ళకి పిచ్చిగీతలు, బయటేమో తెర, చదివేదెవరులే అని మనసులో ఉన్నదే రాసేశాడు. తర్వాత ఫలకం పనిలో పడి, దాని సంగతే మరిచాడు.

రాయడం పూర్తయ్యాక అమ్మాయి దిగాలుగా అంది. "తాతయ్యా, అంతా వీధివాళ్ళకే. నీకు మాత్రం తిరగబడి కనిపిస్తోంది కదూ!"

తాతయ్య పకపకా నవ్వాడు. "పిచ్చి తల్లీ! సీసపు అక్షరాలన్నీ తిరగబడే ఉంటాయే. నలభై ఏళ్ళు అలాగే చదివాను. నాకు ఇదే తిన్నన."

గొంతు సవరించుకుని, కుర్చీలోంచే చదివాడు. "'ఈ గదిలో ఎందరో రచయితల తొలి పుస్తకాలు అచ్చయ్యాయి. వాటికి అక్షరాలు పేర్చిన చేతులకు నమస్కారం.'" తన రెండు చేతులూ ఒకసారి చూసుకున్నాడు. అమ్మాయి వెళ్ళి ఆ చేతులు పట్టుకుంది.

"ఆగండాగండి, కింద మూలన ఇంకేదో ఉందే!" అన్నాడు తాతయ్య.

ఆర్టిస్టు పైప్రాణాలు పైనే పోయాయి. "తాతగారూ, అది వద్దండీ! ఉత్త ట్రయల్..."

వింటేగా! "'కిటికీ గారంటే నాకు ప్రాణం.' దాని కింద, 'ఎలా చెప్పాలో తెలియడం లేదు.'"

అమ్మాయి మొహం కందగడ్డయింది. గుడ్డ తీసుకుని తిన్నగా అద్దం దగ్గరికి నడిచింది. అయిపోయింది, అనుకుని అతను తల దించుకున్నాడు.

ఆమె కింది లైను మాత్రమే తుడిచింది.

"చెప్పేశారుగా. ఇంక ఇది అక్కర్లేదు."

"మరి... పైది?" అతని గొంతు అతనికే వినపడలేదు.

"తెల్లారితే వీధంతా చదువుతుంది. నాకేం ఫర్వాలేదు." అని, ఓరగా తాతయ్య వైపు చూసింది.

తాతయ్య కళ్ళజోడు సర్దుకుని, అద్దం వైపోసారి, కుర్రాడి వైపోసారి తేరిపార చూశాడు.

"ప్రూఫు చూశానమ్మా. ఒక్క తప్పూ లేదు. అచ్చుకి ఇచ్చేయండి."