పద్దెనిమిది పాయింట్ నాలుగు

మా ఊరి సచివాలయం గోడకు నల్లరంగు పూసిన చదరం ఒకటుండాది. దాంట్లో సుద్దముక్కతో రాసుంటాది: 'భూగర్భ నీటిమట్టం 18.4 మీటర్లు'. రాసింది నేనే. నాలుగేండ్లుగా నేనే రాస్తా ఉండాను.

నా పేరు మునిశేఖరు. ఐరాల దాటి ఇంకా లోపలికి పోతే, ఒకప్పుడు చెరుకు పండి ఇప్పుడు కంపచెట్లు పండే ఊరు మాది. భూమిలో నీళ్ళు ఎంత లోతులో ఉండాయో నెలకొకసారి కొలిచి ఆఫీసుకు పంపేది నా ఉద్యోగం. కాంట్రాక్టు ఉద్యోగం. కొలిచేదానికనే ఊరిబయట ఒక బోరు వేసినారు. మోటారు లేదు, తొంభై మీటర్ల లోతు, ఇనప మూత, తాళం. నాకొక టేపు చుట్ట ఇచ్చినారు. టేపు కొనకు ఇత్తడి గుండు ఉంటాది. దానికి తడి తగిలితే చుట్టలోనించి 'కీ...' అని కూత వస్తాది. కూసినకాడ టేపుమీద అంకె చూసి రాసుకోవాల. అంతే పని. ఆ అంతే పని గూడా నేను చేయలేదు.

ఎందుకంటే బోరు పక్కనే పెద్ద గోడ కట్టుకోని నీళ్ళ కంపెనీ ఉండాది. వాళ్ళ సీసామీద పచ్చని కొండ, జలపాతం బొమ్మ. ఆ జలపాతం యాడుందో దేవుడికే తెలియాల. మా కొండల్లో మేకలు తాగేదానికే నీళ్ళు లేవు. కంపెనీకిచ్చిన పర్మిషన్ కాగితంలో ఒక షరతు రాసుండాది. నీటిమట్టం ఇరవై మీటర్లు దాటి కిందికి పోతే కంపెనీ బోర్లు ఆపేయాల. మా ఆఫీసరు దామోదరం సారు నన్ను మొదటి నెలలోనే పిలిచి, టీ ఇప్పించి, మెల్లగా చెప్పినాడు.

"ఎండలో అంత దూరం పోయి ఏం కష్టపడతావు శేఖరూ? పద్దెనిమిది కాడ ఉంచు. ఎవురికీ తలనొప్పి ఉండదు."

ఎంత దయగల మనిషి! కంచే చేను మేస్తా ఉంటే నేను తాళంచెవి పట్టుకోని కాపలా ఉన్నాను. ఇంటికాడ అరుగుమీద కూర్చోని మే నెలకు 18.9, కార్తీకానికి 17.8 అని రాసి పంపినాను. అబద్ధానికి గూడా ఎండాకాలం, వానాకాలం పెట్టినాను చూడండి. అంత ఒళ్ళు వంచి పనిచేసే ఉద్యోగిని.

ఊర్లో బోర్లు ఒకటొకటే ఎండిపోయినాయి. చివరికి తాగేనీళ్ళ బోరు ఒకటి మిగిలింది. అది గూడా పొద్దున అరగంట పోసి గాలి కక్కతాది. నా పెండ్లాం కోమలి నాలుగు గంటలకే లేచి బిందెలు వరసలో పెట్టేది. గోడమీది అంకె చూసి జనం నవ్వుకోని పోయేవాళ్ళు. ఆ అంకెను నమ్మినవాడు ఊరంతటికీ ఒకడే. చెంగయ్య మామ.

బీడీ తాగతా టీ అంగడికాడ నన్ను పట్టుకున్నాడు. "అల్లుడా, ఆ పద్దెనిమిది అడుగుల్లో ఎంతప్పా?"

"అరవై మామా."

"నా బాయి యాభై. అంటే ఇంకో పదడుగులు తవ్వితే నీళ్ళు పడతాయి. సర్కారు కొలిచి రాసిన మాట గదా, తప్పు పోదు."

'వద్దు మామా, ఆడ నీళ్ళు లేవు' అని ఒక్క మాట అంటే అయిపోయేది. టీ తాగి తలూపినాను.

ఇరవై దినాలు తవ్వినారు మొగుడూ పెండ్లాలూ. కింద ఆయన గడ్డపార వేసేది, పైన తిరుమలమ్మత్త గిలకమీద మోకుతో మన్ను తట్టలు లాగేది. మోకుకు మూరకొక ముడి వేసి పెట్టుకునింది. తట్ట తట్టకూ కిందనించి ఆయన అడిగేవాడు, "ఇంకెంతే?" అని. ఆమె ముడులు లెక్కపెట్టి చెప్పేది. చివరి దినం "ఇంకో మూరెడే" అని ఆమె అంటా ఉండంగానే ఒడ్డు జారింది. మోకు తేలిగ్గా పైకొచ్చింది. మర్నాటి సాయంత్రానికి మనిషిని బయటికి తీసినారు. నోటినిండా పొడిమన్ను. అరవై అడుగుల లోతులో తడి అన్నదే లేదు.

దామోదరం సారు పై ఆఫీసుకు 'స్వంత అజాగ్రత్త' అని రాసి పంపినాడు. ఊరు 'పిచ్చోడు' అనింది. కంపెనీవాళ్ళు పెద్దకర్మ దినానికి రెండు కేసుల నీళ్ళసీసాలు పంపినారు. ఎద్దు పుండు కాకికి నొప్పా? నేను మాత్రం తేలు కుట్టిన దొంగ మాదిరి ఒక మూల నిలబడినాను.

ఏప్రిల్‌లో తిరుమలమ్మత్త మా ఇంటికొచ్చింది. లోపలికి రాలేదు. గడపకాడే నిలబడింది.

"శేఖరా, కంపెనీకి మళ్ళా పర్మిషన్ ఇచ్చేదానికి ఆఫీసర్లు వస్తారంట గదా. ఆ పొద్దు అందరి ముందరా కొలువు. నీళ్ళుంటే ఉండాయని సెప్పు, లేకుంటే లేవని సెప్పు. మా ఆయన పిచ్చోడు కాదని ఊరికి తెలిస్తే సాలు. తాగేనీళ్ళ బోరన్నా మిగులుతాది."

"సరే అత్తా," అని నీళ్ళు నమిలినాను.

మే పన్నెండో తేదీ తనిఖీ. ముందుదినం పొద్దున దామోదరం సారు ఫోను చేసినాడు. టేపు బోరులో దించినట్టు ఫోటో కావాలంట. పైనుంచి అడిగినారంట. నాలుగేండ్లలో మొదటిసారి ఆ మూత తీయాల్సి వచ్చింది.

నేను కావాలనే మిట్టమధ్యాన్నం పోయినాను. ఆ ఎండలో బయట ఎవురూ ఉండరు. కూత రాదని నాకు తెలుసు, రాకపోవడం ఇంకొకరు చూడకూడదు గదా. మా అవ్వ చెప్పేది, మిట్టమధ్యాన్నం ఒంటిగా చేలల్లోకి పోవద్దు, గాలి సోకుతాది అని. సచివాలయంలో పని చేసేవాడిని, నాకేం గాలి అనుకున్నాను.

తాళం తుప్పు పట్టి ఉండాది. రాయితో రెండు దెబ్బలు వేస్తే ఊడింది. మూత తీసినాను. లోపలినించి వెచ్చని గాలి ముఖానికి తగిలింది. చెమట, బీడీ కలిసిన వాసన. కంపెనీ గోడ వెనక మోటార్లు గుయ్‌మంటా ఉండాయి. ఇటుపక్క చెంగయ్య మామ పొలం, పూడ్చేసిన బాయి దిబ్బ. ఆ పక్కకు చూడకుండా టేపు దించినాను.

ఐదు... పది... పదహైదు... ఇంకా దించి ఒక ఫోటో తీసుకోని పోదామనుకున్నాను.

కీ...

చేయి ఆగిపోయింది. కొంచెం పైకి లాగితే కూత ఆగింది. దించితే మళ్ళా కూసింది. టేపుమీద అంకె చూసినాను. 18.4.

ఓరి దేవుడా! నేను అరుగుమీద కూర్చోని పుట్టించిన అంకె అది. వడివడిగా టేపు పైకి లాగినాను. గుండు బయటికొచ్చింది. తడి లేదు. దాని చుట్టూ ఎర్రని పొడిమన్ను అతుక్కోని ఉండాది. తడి తగిలితేనే కూసే గుండు, పొడిమన్ను పట్టుకోని వచ్చింది.

చెడిపోయిందేమో అనుకున్నాను. ఇంకోసారి దించినాను. 18.4 కాడ కూసింది.

అప్పుడే కరెంటు పోయింది. గోడవెనక మోటార్లన్నీ ఒక్కసారి ఆగినాయి. చుట్టూ చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో వినపడింది.

టక్...

టక్...

బోరులోనించి. గడ్డపార గట్టినేలకు తగిలే చప్పుడు. నాకు తెలుసు ఆ చప్పుడు. ఇరవై దినాలు మా ఇంటిదాకా వినపడింది.

టక్... ఆగింది. ఎవురో ఊపిరి పీల్చుకున్నట్టు... తర్వాత మాట. గొంతులో మన్ను అడ్డంపడినట్టు, మెల్లగా...

"ఇంకెంత... అల్లుడా...?"

పరిగెత్తి ఉండాల్సింది. కాళ్ళు రాలేదు. నోరు మాత్రం వచ్చింది. నాలుగేండ్లుగా దానికి అలవాటైన మాట ఒక్కటే గదా.

"ఇంకో... పదడుగులే మామా."

థూ, నా బతుకు! చచ్చినవాడికి గూడా అబద్ధమే చెప్పినాను.

తర్వాత గడ్డపార మళ్ళా మొదలయింది. ఈసారి ఆత్రంగా. టక్ టక్ టక్... టేపు చుట్టుకోని, మూత గూడా వేయకుండా ఊర్లోకి వచ్చి పడినాను. ఫోటో ఎప్పుడు తీసినానో, ఎప్పుడు పంపినానో నాకు గుర్తు లేదు. దామోదరం సారు జవాబుగా బొటనవేలు బొమ్మ పంపినాడు.

రేత్రంతా కంటిమీద కునుకు లేదు. తెల్లారేటప్పటికి ఒకటి తీర్మానం చేసుకున్నాను. ఉద్యోగం పోతే పోనీ, నిజం చెప్పేస్తాను. చెప్తే ఆయన తవ్వేది ఆపుతాడేమో.

పదిగంటలకు మూడు కార్లు వచ్చినాయి. షామియానా, కుర్చీలు, ఒక్కొక్క కుర్చీ ముందర కంపెనీ సీసా. దామోదరం సారు, ఇంకో ఇద్దరు పెద్ద ఆఫీసర్లు, కంపెనీ మేనేజరు. నలుగురూ ఒకే పెండ్లికొచ్చిన చుట్టాల మాదిరి నవ్వుకుంటా ఉండారు. ఊరి జనం ఎండలో. తిరుమలమ్మత్త అందరికన్నా ముందర.

నేను చేతులు కట్టుకోని చెప్పేసినాను. "సార్, నాలుగేండ్లుగా నేను కొలవలేదు. రాసిందంతా అబద్ధం. ఈ బోరులో నీళ్ళు లేవు."

దామోదరం సారు ముఖం పాలిపోయింది. మేనేజరు మాత్రం నవ్వినాడు. "దాందేముంది, ఇప్పుడే కొలుద్దాం."

కొలిచినారు. నేనే దించినాను. పది దాటింది. పదమూడు. పదునాలుగు.

కీ...

"ఎంత?" అన్నాడు పెద్ద ఆఫీసరు.

"పదహైదు... పాయింట్ రెండు."

నిన్నటికన్నా పదడుగులు పైకి. ఆఫీసర్లు చప్పట్లు కొట్టినారు. ఒకాయన అన్నాడు, "చూసినారా, కంపెనీవాళ్ళు తవ్విన ఇంకుడుగుంతల పుణ్యం!" వాన పడి ఏడు నెలలయింది. ఇంకుడుగుంతల్లో కుక్కలు పండుకోని ఉండాయి. అంత సదువు సదివిన పెద్దమనుషుల్లో ఒక్కడన్నా, నడివేసవిలో నీళ్ళు ఎట్ల లేచినాయని అడగలేదు. లేచేది నీళ్ళేనా అని అసలే అడగలేదు. గుండు పైకి తీసినప్పుడు దానివైపు గూడా చూడలేదు. ఐదేండ్లకు పర్మిషన్ సంతకం ఆడికాడే అయిపోయింది. నాకు ఎండదెబ్బ తగిలిందని దామోదరం సారు జాలిగా చెప్పి, సీసా ఎత్తి ఒక గుక్క తాగినాడు. తాగి పక్కకు ఉమ్మేసినాడు. "మన్ను వాసన," అన్నాడు.

కార్లు పోయినాక తిరుమలమ్మత్త నా దగ్గరికొచ్చింది. గుండుకు అంటుకున్న పొడిమన్ను కొంగుతో తుడిచి ముక్కుకాడ పెట్టుకునింది. చానాసేపు కండ్లు మూసుకోని ఉండాది.

"నిన్న మధ్యాన్నం నువ్వు ఈడికొచ్చేది చూసినా. ఎంతలో కూసింది?"

"పద్దెనిమిదిలో."

వేళ్ళమీద మూరలు లెక్కపెట్టుకునింది. "అయితే పైకొస్తా ఉండాడు," అనింది. ఆ గొంతులో భయం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అప్పటినించి దినమూ మధ్యాన్నం ఆమె గిన్నెలో సంగటి తీసుకోని బోరుకాడికి పోతాది. మూతమీద వంగి మెల్లగా చెప్తాది, "ఇంకెంతో లేదు. రా." పిచ్చిదని ఊరు అనుకుంటా ఉండాది. నేను నెలనెలా నిజంగా కొలుస్తా ఉండాను. జూన్‌లో పదకొండు. జూలైలో ఏడు. ఆగస్టు పదహైదున నాకు శాలువా కప్పినారు. నీటిమట్టం పెరిగిన ఊరు మండలంలో ఇదొక్కటేనంట. శాలువా కప్పించుకోని ఇంటికొస్తే తాగేదానికి చుక్క లేదు. తాగేనీళ్ళ బోరు ఆ వారమే చచ్చింది. ఇప్పుడు ఊరంతా కంపెనీ సీసాలే కొంటా ఉండారు.

నిన్న 0.4. మూత తీయంగానే కూసింది. తిరుమలమ్మత్త పక్కనే కూర్చోని ఉండాది. నావైపు చూడకుండానే చెప్పింది.

"రేపటికి వచ్చేస్తాడు. నిన్ను ఏందో అడగాలంట శేఖరా."

ఈ పొద్దు నేను బోరుకాడికి పోలేదు. తలుపు గడియ వేసుకోని ఇంట్లోనే ఉండాను. చుట్టను గోడకు మేకుకు తగిలించినాను. పన్నెండున్నర అయింది. వీధిలో అలికిడి లేదు.

"ఏమయ్యా," అనింది కోమలి వంటింట్లోనించి, "ఆ చుట్ట ఎందుకట్ల కూస్తా ఉండాది?"

తల ఎత్తి చూసినాను. టేపు కొన ఆడ లేదు. టేపు చుట్టలోనించి కిందికి జారి, నేలమీద పాకి, తలుపు సందులోనించి బయటికి పోయుండాది. బిగుతుగా. అవతలి కొనను ఎవురో పట్టుకున్నట్టు.

వంగి గడపకాడ అంకె చూసినాను. 18.4.

చూస్తా ఉండంగానే టేపు సడలింది, చుట్ట దానంతట అదే తిరిగి లోపలికి లాక్కునింది. గడపకాడ అంకె పద్దెనిమిది అయింది. తర్వాత పదిహేడున్నర.

కూత ఇంకా ఆగలేదు.