తమ్ముడి కోసం తెరిచిన రిలే

ఉదయం తొమ్మిదింటికి రైల్వే స్టేషన్‌లో గూఢచారి డిపార్ట్‌మెంట్ కొరియర్‌ని కాల్చి చంపారు. అతని ఫోన్‌లో చివరి మెయిల్ "మూడో ప్లాట్‌ఫామ్‌కి రా" అని ఉంది. అది వచ్చింది డిపార్ట్‌మెంట్ సర్వర్ నుంచే.

పదింటికి చీఫ్, ఏజెంట్ నైన్‌ని పిలిపించాడు. డిపార్ట్‌మెంట్‌కీ శత్రు ముఠాకీ రెండువైపులా పనిచేసే అందగత్తె 'ముత్యం' కబురు పంపిందట. సరిగ్గా పన్నెండింటికి అలాంటి దొంగ మెయిలే విదేశాల్లో ఉన్న పదకొండు మంది ఏజెంట్లకు వెళ్తుంది. నమ్మి కదిలారా, తిన్నగా ఉచ్చులోకే.

"సర్వర్ నడిపేది మీ అక్క. అమ్ముడుపోయినట్టుంది," అన్నాడు చీఫ్. "సర్వర్ ఆపు. ఆమెని తీసుకురా."

ముఠా మనుషులు సర్వర్ ఉన్న బిల్డింగ్‌ని కనిపెట్టుకుని ఉన్నారు. అందుకే నైన్ ఏసీ మెకానిక్ వేషం వేశాడు. అమ్మ పోయాక తనను పెంచి పెద్దచేసింది ఆ అక్కే.

అక్క తలుపు తీసి, అతణ్ణి ఎగాదిగా చూసి, చొక్కా మెకానిక్‌దే గాని బూట్లు మాత్రం ఆఫీసర్‌వని వేళాకోళం చేసింది. విషయం చెప్పగానే కంప్యూటర్ ముందు కూర్చుంది. వచ్చీపోయే మెయిళ్ల చిట్టా, లాగ్, తెరిచి చూపించింది. ఉదయం మెయిల్ పంపినవాడు మనవాడు కాదు. కొరియర్ అడ్రసూ, ఆ పదకొండు మంది ఏజెంట్ల అడ్రసులూ మన సర్వర్‌వి కావు, రహస్యం కోసం బయట తీసుకున్నవి. అటూ ఇటూ మనకి సంబంధం లేని మెయిల్‌ని సర్వర్ గుమ్మంలోనే తిప్పికొట్టాలి. ఈ సర్వర్ మాత్రం నువ్వెవరివని అడగకుండా మోసుకెళ్లి ఇచ్చింది; దీన్నే తెరిచి ఉంచిన రిలే అంటారు.

"అలా ఎవరు తెరిచారక్కా?"

"నేనే. రెండేళ్ల కిందట హోటల్ నుంచి ఫోన్ చేశావు గుర్తుందా? లాగిన్ కావట్లేదు, ప్రాణం మీదికొచ్చింది, ఒక్క గంట నా మెయిళ్లని అడక్కుండా పోనివ్వమన్నావు. పనయ్యాక చెప్తానన్నావు."

చెప్పలేదు. మర్చేపోయాడు. తమ్ముడు మళ్లీ ఎక్కడ ఇరుక్కుంటాడోనని ఆమె మూయనేలేదు. చచ్చిపోయిన కొరియర్ నైన్ పెళ్లికొచ్చి భోజనం చేసిన మనిషి.

పదకొండూ యాభై రెండు. కట్టర్ తీసి కేబుల్ మీదికి వెళ్లాడు. అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. ఏజెంట్లను హెచ్చరించాలన్నా ఈ సర్వరే దిక్కని, దీన్ని చంపితే వాళ్లనీ చంపినట్టేనని చెప్పింది. ఆపడం కాదు, అడగడం నేర్పాలి.

కొత్త రూల్ టైప్ చేసింది. మనవాళ్లు లాగిన్ అయితే ఎక్కడికైనా పంపొచ్చు. బయటివాళ్లు మనవాళ్లకి మాత్రమే పంపగలరు. మిగతావన్నీ వెనక్కి. తొందరలో ఒక బ్రాకెట్ మూయలేదు, సర్వర్ మొరాయించింది. పదకొండూ యాభై తొమ్మిది. సరిదిద్ది రీస్టార్ట్ కొట్టింది.

పన్నెండయింది. స్క్రీన్ మీద వరసగా ఎర్ర లైన్లు పడ్డాయి: రిలే నిరాకరించడమైనది. పదకొండు.

నైన్ గోడకి జారగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని, ఉదయం మెయిల్ దొంగదనీ, దానికి దారి తెరిపించింది తానేననీ రాసి, పదకొండు మందికీ చీఫ్‌కీ తన ఫోన్ నుంచి కొట్టాడు.

ఏజెంట్ల అడ్రసుల పక్కన మళ్లీ ఎర్ర లైన్లు.

అక్క కుర్చీ అతని వైపు తోసింది. "ఇప్పుడది తమ్ముళ్లని కూడా నమ్మదు. కూర్చో. లాగిన్ అయి, నీ పేరు మీదే పంపు."