నీళ్ళు నిలిచే చోటు

"మా ఆయన మోటెల్ ముందు నేలలో పడుకుని ఉన్నాడండీ. వాన పడ్డప్పుడల్లా కనిపిస్తున్నాడు," అంది ఆర్సేలియా గ్రిహాల్వా.

ఆ మాటకి వెండెల్ పైక్ చేతిలో కాఫీ ఒలికి చొక్కా మీద పడింది. డెల్ఫీనా ఆర్వీజు మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ, "ముందు కూర్చోండి. ఓ గుక్క మంచినీళ్ళు తాగి చెప్పండి," అంది.

పాలో సెకో ఊరు మొత్తానికి ప్రైవేటు డిటెక్టివ్ డెల్ఫీనా ఒక్కతే. వెండెల్ ఒకప్పుడు స్కూలు బస్సు నడిపేవాడు. ఇప్పుడు ఆవిడ కారు నడుపుతూ, ఆవిడ చెప్పిన పనల్లా చేస్తూ, ఇంత తెలివైన మనిషి అరిజోనాలోనే లేదని కనబడ్డవాళ్ళందరికీ చెబుతూ కాలక్షేపం చేస్తున్నాడు. కేసుల్లో తుపాకులొచ్చినా జంకడు గాని, దయ్యాల ఊసెత్తితే మాత్రం అతనికి ఒళ్ళు చల్లబడుతుంది.

ఆర్సేలియా నడివయసు మనిషి. హైవే పక్కన పలోమా మోటెల్ ఆవిడదే. తొమ్మిదేళ్ళ కిందట ఒక వేసవిలో, మోటెల్ ముందు ఆవరణకి కొత్త తారు పరుస్తున్న రోజుల్లో, ఆవిడ భర్త నెల్స్ మాయమైపోయాడు. అతని మోటారు సైకిలు పొరుగూరి బస్టాండు దగ్గర దొరికింది. మిన్నెసోటా నుంచి వచ్చినవాడు, ఈ ఊరు మొహం మొత్తి బస్సెక్కి వెళ్ళిపోయాడని అందరూ తేల్చేశారు. ఆర్సేలియా కూడా అదే నమ్మింది. ఉత్తరం ముక్క రాలేదు. చివరికి కోర్టు ఆ పెళ్ళిని రద్దు చేసింది.

"ఈ శనివారం గ్రేడీని చేసుకుంటున్నాను," అందావిడ. "అప్పుడు తారు వేసిన కంట్రాక్టరు అతనే. ఆ తారు పాడైపోయింది కదా, పెళ్ళి లోపల మళ్ళీ కొత్తగా వేసిస్తానన్నాడు. ఇంతలో మొదటి వాన పడింది. ఆవరణంతా చిటికెలో ఆరిపోయింది. ఒక్కచోట మాత్రం నీళ్ళు నిలిచాయి. మనిషి పొడుగునా, మనిషి వెడల్పునా. రెండోసారి కురిసినప్పుడూ అంతే."

"వెనక ఎప్పుడూ నిలవలేదా?"

"ఏటేటా కాస్త కాస్త నిలిచేవి. నేను పట్టించుకోలేదు. పెళ్ళి అనుకున్నాకే ఆ ఆకారం కంటపడింది." ఆవిడ గ్లాసు పక్కన పెట్టింది. "నేను చేసుకోబోయేవాడే ఆయన్ని చంపి అక్కడ పెట్టాడా? అదొక్కటి తేల్చండి. నాకు పిచ్చెక్కిందని తేలినా సరే, హాయిగా వెళ్ళి మందు తెచ్చుకుంటాను."

*

ఎండ అప్పటికే నిప్పులు చెరుగుతోంది. మోటెల్ ముందు తారు నలుపు ఏనాడో పోయి బూడిద రంగుకి తిరిగింది. ఎక్కడ చూసినా పగుళ్ళే. ఆఫీసు కిటికీ కింద మాత్రం వరసగా చిన్న చిన్న గుంటలున్నాయి.

"ఇవేమిటి?" అంది డెల్ఫీనా.

"నెల్స్ బండి స్టాండు దిగబడ్డ గుంటలు," అంది ఆర్సేలియా. "ఇక్కడ ఎండకి తారు మెత్తబడుతుంది, స్టాండు కింద ఏ చెక్కముక్కో పెట్టి చావవయ్యా అని నెత్తీ నోరూ కొట్టుకునేదాన్ని. వింటేగా! కిటికీ కిందున్న ఈ కాస్త ముక్కా పాతది. దీని మీద కొత్త తారు వెయ్యొద్దన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు."

ఆ బండి ఇంకా వెనక షెడ్డులోనే ఉంది. షరీఫు ఆఫీసు పోలీసులు దాన్ని తిరిగి తెచ్చి అప్పజెప్పినప్పుడు స్టాండు కింద దొరికిన రేకుని కూడా సంచిలో పడేసి ఇచ్చారు. డెల్ఫీనా దాన్ని బయటికి తీసింది. అదొక బీరు డబ్బా, పల్చగా అట్టలా చదునైపోయి ఉంది. రేకులో నల్లటి కంకర పలుకులు పొదిగినట్టు దిగి ఉన్నాయి.

"కాలితో తొక్కిన డబ్బా ఎలా ఉంటుంది, వెండెల్?"

"వంకరటింకరగా ముడుచుకుంటుంది, మేడమ్."

"మరిది?"

వెండెల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. సమాధానం తోచక, తోచినట్టు మొహం పెట్టాడు.

గ్రేడీ టూలీ భారీ మనిషి, టోపీ తీస్తే సగం నుదురు తెల్లగా, సగం ఎర్రగా ఉంటుంది. అడిగినవాటికి తడుముకోకుండా జవాబులు చెప్పాడు.

"గురువారం సిటీ నుంచి పాత తారు గీకే యంత్రం వస్తోందండీ. ఊరికే పైపూత పూసి పోతే లాభం లేదు. కిందున్న పగుళ్ళు ఏడాది తిరక్కుండా పైకి లేస్తాయి. ఆ నీళ్ళు నిలిచేచోట అడుగు కంకర దాకా తవ్వించేస్తాను."

"యంత్రం కావాలన్నది మీరేనా?"

"నేను కాకపోతే ఇంకెవరు? నా దగ్గర రోలరు తోలే చెమా వద్దంటూనే ఉన్నాడు."

"పోయినసారి అక్కడ ఏం చేశారు?"

"అక్కడ అడుగున బంకమట్టి తగిలింది. తీసేసి గొయ్యి వదిలాం. సాయంత్రం చెమా ఒక్కడే ఉండిపోయి కంకర పోసి పూడ్చాడు. తెల్లారగానే తారు పరిచాం. నేను తారు లారీల వెంట తిరుగుతున్నా. రోలరు మీద వాడే."

"పని బాగా చేస్తాడా?"

గ్రేడీ నవ్వాడు. "ఓసారి ఫాదర్ గారింటి ముందు అరచెయ్యంత చోట నీళ్ళు నిలిచాయని, ఆదివారం పూట, ఎవరూ పిలవకుండా రోలరు తోలుకెళ్ళి సరిచేసి వచ్చాడు. నేల చదునుగా లేకపోతే వాడికి అన్నం సయించదు."

చెమా ఆర్సేలియాకి తమ్ముడు. సన్నగా ఉంటాడు, మాట తక్కువ. అక్క కేకెయ్యగానే అవతలి గదుల నుంచి కుర్చీలు మోసుకొచ్చాడు. ఆ మండుటెండలో, చేతినిండా బరువుతో, ఆవరణకి అడ్డంగా రాకుండా అంచు వెంబడి చుట్టూ తిరిగి వచ్చాడు. తారు కాలుతోంది గదా పాపం అనుకున్నాడు వెండెల్.

డెల్ఫీనా బీరు తెప్పిస్తానంటే చెమా చెయ్యి అడ్డం పెట్టాడు. "మానేశానండీ. తొమ్మిదేళ్ళయింది."

"మంచిపని. యంత్రం వద్దన్నావట?"

"పెళ్ళి ముందు ఆ దుమ్మూ రొదా ఎందుకండీ? పైన ఓ వరస పరిచేస్తే పోతుంది."

"కిందివన్నీ పైకి లేస్తాయటగా?"

"లేస్తే లేస్తాయి."

"నీ చేతి కింద ఎప్పుడైనా గుంట మిగిలిందా, చెమా?"

"జన్మలో లేదు," అన్నాడు చటుక్కున. తర్వాత తల దించుకుని టోపీ అంచు నలుపుతూ కూర్చున్నాడు.

పొద్దు వాలాక డెల్ఫీనా వెండెల్ చేత ఆవరణంతా బకెట్లతో నీళ్ళు పోయించింది. అన్నిచోట్లా నీళ్ళు జారి కాలవలోకి పోయాయి. ఆ ఒక్కచోట ఆగాయి. ఆగిన నీళ్ళలోంచి బుడగలు లేచాయి. ఒకటి, కాసేపాగి మరొకటి, కింద ఎవరో ఊపిరి తీస్తున్నట్టు. వెండెల్ బకెట్టు వదిలేశాడు.

"మేడమ్, పోదాం పదండి. బతికున్నాడు!"

"పిచ్చి మాటలు మానేసి ఇలా వచ్చి వంగు." ఆవిడ నేల మీద చెంప ఆనించి, ఏటవాలు ఎండలో తారు వైపు చూస్తోంది. వెండెల్ కూడా పడుకుని చూశాడు. రోలరు అంచు ఒత్తుకున్న సన్నని గీతలు ఆవరణ పొడుగునా బారుగా సాగి, ఆ చోటు దగ్గరికి రాగానే కొద్దిగా పక్కకి ఒంగి, దాటాక మళ్ళీ తిన్నగా పోతున్నాయి. డెల్ఫీనా వేలితో గోకితే గుంటలో కంకర పలుకులు ఊడి వచ్చాయి. ఇంకోచోట గోకితే గోరు విరిగింది. ఆవిడ లేచి చిరునవ్వైనా నవ్వకుండా చేతులు దులుపుకుంది. కేసు తేలినప్పుడల్లా ఆవిడ మొహం అలా వాడిపోతుందని వెండెల్‌కి తెలుసు.

*

గురువారం పొద్దున్నే యంత్రం వచ్చి రోడ్డు వారన ఆగింది. డెల్ఫీనా దాన్ని కదలనివ్వలేదు. ఆర్సేలియా, గ్రేడీ, చెమా ముగ్గుర్నీ వరండా నీడలో కూర్చోబెట్టింది. షరీఫు మనిషి యజ్జీ అనే కుర్రాడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"నెల్స్ ఎక్కడికీ పోలేదు," అని మొదలుపెట్టింది డెల్ఫీనా. "అది బండి చెబుతోంది. ఆయన ఈ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ స్టాండు కింద ఏమీ పెట్టి ఎరగడు. కిటికీ కింద గుంటలే సాక్ష్యం. బస్టాండులో మాత్రం బుద్ధిగా రేకు పెట్టి బండి ఆపాడట! ఆ బండి ఆపింది ఆయన కాదు. ఎండకి తారు ఎంత మెత్తబడుతుందో ఒంటికి పట్టినవాడు. దొంగతనంగా బండి వదిలి పారిపోతూ కూడా, అలవాటు కొద్దీ, స్టాండు దిగబడకుండా చూశాడు."

"ఆ అలవాటు ఊళ్ళో అందరికీ ఉందిగా," అన్నాడు యజ్జీ.

"ఉంది. కాని కాలితో తొక్కితే డబ్బా అట్టలా అవదు, దానికి రోలరు కావాలి. రేకులో తారు కంకర కూడా దిగి ఉంది. కాబట్టి బండి ఆపినవాడు తారు పనివాడు."

ఆర్సేలియా గ్రేడీ వైపు తిరిగింది. ఆ చూపుకి పాపం ఆ భారీ మనిషి కుర్చీలో కుంచించుకుపోయాడు. "ఆర్సేలియా, దేవుడి మీద ఒట్టు..."

"ఆయన కాదమ్మా," అంది డెల్ఫీనా. "నేలలో ఏముందో తెలిసినవాడు నేలని గీకే యంత్రాన్ని తనంతట తాను పిలిపించుకోడు. అడుగుదాకా తవ్విస్తానని నాతోనే చెప్పాడు. యంత్రం వద్దన్నది ఇంకొకరు."

చెమా తన అరచేతుల వంక చూసుకుంటున్నాడు.

"ఇక ఆ బుడగలు. వెండెల్ హడలిపోయాడు గాని, అవి ఊపిరి కాదు. సరిగా అణచని తారులో కంకర మధ్య గాలి ఉండిపోతుంది. నీళ్ళు దిగితే అది పైకి వస్తుంది. అక్కడ పైపైన చేత్తో దిమ్మిస కొట్టి, చూడ్డానికి మిగతా నేలలాగే ఉండేట్టు సవరించారు. రోలరు మాత్రం ఎక్కలేదు. గీతలు పక్కకి ఒంగి పోయాయి. తర్వాత తొమ్మిదేళ్ళ పాటు కార్లు తొక్కగా తొక్కగా ఆ మేరకే కుంగింది." ఆవిడ గొంతు తగ్గించింది. "అరచెయ్యంత గుంటని ఓర్చుకోలేని మనిషి మనిషంత గుంటని కావాలని వదిలాడు. కింద ఎవరున్నారో తెలియనివాడు దాని మీంచి తోలుకుంటూ పోయేవాడు. తెలిసి, ద్వేషమున్నవాడైతే రెండుసార్లు ఎక్కువ తోలేవాడు. తెలిసీ, ప్రేమ ఉన్నవాడు మాత్రమే పక్కకి తిప్పుతాడు. అంతేనా, చెమా?"

చెమా నోరు విప్పాడు. విప్పాక ఆపలేకపోయాడు.

"తాగి ఉన్నానక్కా. గొయ్యి పూడ్చి, పక్కన రోలరుతో కంకర అణుస్తున్నా. బావ చల్లటి సోడా పట్టుకుని వెనక నుంచి వచ్చాడు, నేను చూడలేదు. వెనక్కి తోలాను. ఆయన అరిచాడో లేదో కూడా నాకు వినపడలేదు. దిగి చూసేసరికి అయిపోయింది. నీ దగ్గరికి రాబోయాను. గుమ్మం దాకా వచ్చాను. లోపల నువ్వు పాడుకుంటున్నావు. నాకు చెప్పడం చేతకాలేదు. పూడ్చిన గొయ్యే మళ్ళీ తవ్వాను... పొద్దున తారు పరిచాక రోలరు అక్కడికి వచ్చేసరికి నా చేతులు చక్రాన్ని తిప్పేశాయి. మళ్ళీ ఆయన మీంచి తోలలేకపోయానక్కా."

వెండెల్ కళ్ళొత్తుకున్నాడు. ఇన్నాళ్ళూ దయ్యాలంటే భయపడ్డాడు గాని, దయ్యం పట్టిన మనిషి ఇలా కుర్చీలు మోస్తూ, అడిగినదానికి బదులిస్తూ తిరుగుతాడని అతనికి తెలీదు.

"అయితే వెళ్ళిపోలేదన్నమాట," అంది ఆర్సేలియా. ఆవిడ మొహంలో ఒక్క క్షణం పెళ్ళినాటి వెలుగు వచ్చింది. "నన్నొదిలి పోలేదు."

"లేదక్కా."

ఆ వెలుగు ఆరిపోయింది. "తొమ్మిదేళ్ళు ఆయన్ని తిట్టానురా. అన్నం తింటూ తిట్టాను, దుప్పట్లు ఉతుకుతూ తిట్టాను. నీ ఎదుటే తిట్టాను. నువ్వు విని ఊరుకున్నావు. 'తిట్టకక్కా' అని ఒక్క మాట, ఒక్కసారి, నీ నోట రాలేదు. చంపింది తాగుడు అనుకో. ఇదెవరు చేశారురా?"

చెమా రెండు చేతులూ ముందుకు చాపాడు. యజ్జీ వచ్చి అతని చేతులకి బేడీలు వేశాడు.

"ఆర్సేలియా, యంత్రాన్ని పంపెయ్యనా?" అన్నాడు గ్రేడీ మెల్లగా.

"పంపెయ్యి. పారలతో తవ్వించు. పెళ్ళి సంగతి నన్నిప్పుడు అడక్కు."

"అడగను," అని గ్రేడీ పారల కోసం లారీ దగ్గరికి పోయాడు.

షరీఫు మనుషులు మరో ఇద్దరొచ్చి తారు పగలగొట్టారు. పొద్దెక్కే కొద్దీ తెల్లటి ఎండ ఆ గొయ్యిలోకి దిగసాగింది. ఆర్సేలియా కాసేపు చూసి లోపలికెళ్ళి పెద్ద దుప్పటి ఒకటి తెచ్చింది. గొయ్యి మీద పరదాలా పట్టబోతే ఒక్కదానివల్ల కాలేదు. వెండెల్ ముందుకొచ్చాడు గాని ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఆయనకి ఎండ పడేది కాదు," అంది తమ్ముడి వైపు చూడకుండా. "అటు పట్టుకో."

డెల్ఫీనా యజ్జీకి సైగ చేసింది. అతను బేడీలు విప్పాడు. చెమా అటువైపు రెండు చెంగులూ అందుకుని, చేతులు పైకెత్తి నిలబడ్డాడు. తవ్వకం పూర్తయ్యేదాకా అక్కా తమ్ముళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, ఆ దుప్పటీ దించలేదు.