మొండికేసిన జీపు

రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి ముసురులోకి దిగింది. బంట్వారంలో జనార్దన్ రెడ్డి ఇంటి ముందు, రేకుల పందిరి కింద, జీపు ఒకసారి దగ్గి ఊరుకుంది. ఆయన బండి ముందున్న స్టార్టింగ్ హ్యాండిల్ మళ్ళీ తిప్పాడు. మళ్ళీ దగ్గి ఊరుకుంది. మిలిటరీ వాళ్ళు వేలం వేస్తే ముచ్చటపడి కొన్న బండి అది. ఎండాకాలంలో గుర్రం, వానాకాలంలో దున్నపోతు.

వంటింట్లో జొన్నరొట్టెలు చేస్తున్న ఇంద్రమ్మకు ఆ దగ్గు వినిపించినప్పుడల్లా చెయ్యి ఆగిపోతోంది. బండి కదలకపోతే బిడ్డ కదలదు. ఆమెకు కావలసిందీ అదే. కూతురు అరుణాదేవి ఈరోజు మధ్యాహ్నానికల్లా వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండ మీది క్షయ దవాఖానలో నర్సుగా చేరాలి. చేరకపోతే ఆ కొలువు ఇంకొకరికి పోతుంది. వాన పడితే ఈ బురద తోవలో బస్సు రాదు. పోగలిగింది ఈ జీపొక్కటే.

ఇన్నాళ్ళూ ఇంద్రమ్మ బతిమాలింది, అలిగింది, అన్నం మానేసింది. "నర్సు కొలువే గావాలంటే కాన్పుల దవాఖానల చెయ్యి. గా రోగుల నడుమ ఎందుకే?" అంటే, "అక్కడికి ఎవ్వరు వస్తలేరనే నన్ను పిలిచిన్రమ్మా" అని కూతురిది ఒకటే మాట. తండ్రేమో బిడ్డ ఏమంటే దానికి తల ఊపే రకం.

"జర నిప్పులు పక్కకు తియ్యి" అంటూ జనార్దన్ రెడ్డి వంటింట్లోకి వచ్చి, ఇంజన్లోంచి ఊడదీసి గుడ్డలో చుట్టి తెచ్చిన ప్లగ్గులను పొయ్యి అంచున పేర్చాడు.

"రొట్టెల పొయ్యి మీద గీ నల్లటియి కాలుస్తవా? పెట్రోలు కంపు!"

"తడిసినయే. ఎండబెడ్దమంటే ఎండ ఏది?"

"గివి కాలిస్తే నడుస్తదా?" ఏమీ ఎరగనట్టు అడిగింది ఇంద్రమ్మ.

బండి గురించి అడిగితే ఆయనకు భోజనం పెట్టినంత సంతోషం. "ఒక్క ప్లగ్గులే కాదు. నల్ల మూతున్న డబ్బా ఒకటుంటది. ప్లగ్గులకు కరెంటు పంచేది గదే. దాని లోపట చుక్క తడి ఉన్నదనుకో, పహిల్వాన్ వచ్చి తిప్పినా లాభం లేదు. ఇప్పుడే మూత తీసి పొడిబట్టతోని తుడిచిన. ఇగ చూడు, ఎట్ల ఉరుకుతదో!"

వేడెక్కిన ప్లగ్గులు బిగించి, ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. అరుణ లోపల పెట్టె సర్దుకుంటోంది. ఇంద్రమ్మ చెంబు పట్టుకొని పందిరి కిందికి వచ్చింది. అటూ ఇటూ చూసి బానెట్ ఎత్తింది. నల్ల మూతకున్న క్లిప్పులు ఊడదీసి, లోపల నీళ్ళు చిలకరించి, ఉన్నది ఉన్నట్టే మూసేసింది. పాపిష్టిదాన్ని అనుకుంది. అనుకుంటూనే చేసింది.

ఆ తర్వాత జనార్దన్ రెడ్డి ఎంత తిప్పినా బండి దగ్గను కూడా దగ్గలేదు. ఆయనకు చెమటలు కారాయి. "తడి కాదు. తుడిచినోణ్ణి నేనే. లోపల ఏదో పాడైంది. తాండూరు నుంచి మేస్త్రి రావాలె. ఎవరి పాడు కండ్లు పడ్డయో!"

"నన్నెందుకంటవ్? నేను పొయ్యి కాడనే ఉన్న గద!" అంది ఇంద్రమ్మ.

ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

అరుణ కాలుగాలిన పిల్లిలా వాకిట్లోకీ పందిట్లోకీ తిరిగింది. "నడిచి పోత నాయనా" అంది.

"మధ్యాహ్నానికే కాదు, రాత్రికి గూడ అందవు బిడ్డా."

ఆమె వాకిట్లోకి తెచ్చిన పెట్టె తీసుకెళ్ళి లోపల పెట్టింది. తర్వాత వంటింట్లోకి వచ్చి, కత్తిపీట ముందు వేసుకొని కూర్చుంది.

"ఏం కూర వండాలెనమ్మా?"

ఏడుస్తుందనుకుంది ఇంద్రమ్మ. అరుస్తుందనుకుంది. వాటికి జవాబులు తయారుగా పెట్టుకుంది. ఇది మాత్రం అనుకోలేదు. బిడ్డ ముఖంలో కోపం లేదు, కన్నీళ్ళు లేవు, అసలేమీ లేదు. ఇరవైయేళ్ళు పెంచిన పిల్ల ఈ పిల్ల కాదనిపించింది.

"నేనే" అంది.

"ఏంది?"

"గా మూతల నీళ్ళు సల్లింది నేనే."

హ్యాండిల్ చేతిలో పట్టుకొని గుమ్మంలో నిలబడ్డ జనార్దన్ రెడ్డి మండిపడ్డాడు. "పొద్దటి సంది నా రెక్కలు ఇరుగుతున్నయి! కన్నతల్లివేనా నువ్వు?"

"తల్లిని గనకనే చేసిన! మా లక్ష్మక్క రక్తం కక్కిన నాడు నువ్వు చూసినవా? కొట్టంల పడేసిన్రు దాన్ని. ముంతల నీళ్ళు తీస్కపొమ్మంటే గడప కాడ పెట్టి ఉరికొచ్చిన నేను. లేవలేక, చెల్లే చెల్లే అని పిలిచింది. ఎనకకు తిరిగి సూడలే. గా రోగం నడుమకు నా బిడ్డను ఎట్ల పంపుదు?"

పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆమె ఈ సంగతి ఎన్నడూ చెప్పలేదు. జనార్దన్ రెడ్డి కోపం ఎటు పోయిందో ఆయనకే తెలియదు.

అరుణ లేచి వచ్చి తల్లి ముఖం కొంగుతో తుడిచింది. "ఇప్పుడు సూదులున్నయమ్మా, మందులున్నయి. మస్తు మంది బాగై ఇండ్లకు పోతున్నరు. నీళ్ళు చేతికిచ్చేటోళ్ళే తక్కువున్నరు. అందరు గడప కాడనే పెట్టి పోతరు."

ఇంద్రమ్మ బిడ్డ భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ముక్కు చీదుకొని లేచింది. తన పొడి చీర ఒకటి తీసి పర్రున చింపింది.

"ఊకె నిలబడ్తవేంది? ప్లగ్గులు ఇప్పుకరాపో" అంది మొగుడితో.

మూత లోపల ఆమే తుడిచింది. తేమ లేదని వేలితో తడిమి చూసుకున్నాకే మూయనిచ్చింది. కాలే ప్లగ్గులు బిగించి జనార్దన్ రెడ్డి హ్యాండిల్ తిప్పాడు. జీపు దగ్గింది, గింజుకుంది, పందిరి రేకులదిరేలా గర్జించింది.

అరుణ తండ్రి పక్కన ఎక్కింది. రొట్టెల మూట పట్టుకొని ఇంద్రమ్మ వెనక ఎక్కింది.

"నువ్వెక్కడికే? దవాఖాన గేటు కాడ కూసుంటవా?" అన్నాడు జనార్దన్ రెడ్డి.

"లోపటికే వస్త. మంచాల కాడికి వస్త. భయమైతది గాని వస్త. నువ్వు నా చెయ్యి ఇడవకు బిడ్డా."

అరుణ ముందు సీటు దిగి, వెనక్కి వచ్చి తల్లి పక్కన కూర్చుంది.