ఏ డిస్కూ పోలేదు

కోటబొమ్మాళిలో యమున నడుపుతున్న ఫొటో స్టూడియోకి కంప్యూటర్లు బాగుచేసే ఈశ్వర్ వెళ్ళడం అదే మొదటిసారి. వెళ్ళీ వెళ్ళగానే ఆమెను చిన్నబుచ్చే మాట ఒకటి అన్నాడు.

కరెంటు పోయి వచ్చాక ఆమె కంప్యూటరు లేవడం లేదు. డిస్కు దొరకలేదని నల్లటి తెర మీద ఒక్క వరుస కనిపిస్తోంది.

"ఇందులో రెండు డిస్కులున్నాయండి. ఒకదాన్లో ఉన్నదే రెండోదాన్లోనూ ఉంటాది. ఒకటి పోయినా ఇంకోటి లేపుతాదని నాన్న సెప్పేవారు," అంది యమున.

"మీ నాన్నగారు మెకానిక్కా?"

"కాదు, ఫొటోలు తీసేవారు. పోయి ఏడాదయింది."

ఈశ్వర్ తల దించుకుని స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు. డిస్కుల వైర్లు మదర్‌బోర్డుకి కాకుండా, విడిగా గుచ్చిన ఒక చిన్న కార్డులోకి వెళ్తున్నాయి. అలాంటి కార్డు అతనెప్పుడూ చూడలేదు. ఆ మాట మాత్రం పైకి అనలేదు. డిస్కులు తన షాపుకి తీసుకెళ్ళి, తన కంప్యూటరుకి తగిలించి చూశాడు. రెండూ ఖాళీగా కనిపించాయి. సాయంత్రం తిరిగొచ్చి, రెండూ పోయాయని పెద్ద డాక్టరులా చెప్పేశాడు.

యమున అటు తిరిగి, శుభ్రంగా ఉన్న లెన్సునే మళ్ళీ తుడుస్తూ ఉండిపోయింది.

ఆ వీపు రెండు రోజులు అతని కళ్ళ ముందే మెదిలింది. మూడో రోజు పొద్దున్న ఆ కార్డు మరోసారి చూస్తానంటూ వచ్చాడు. అది సాకని అతనికీ తెలుసు. డిస్కులు తిరిగి కార్డుకి తగిలించి మిషను వేస్తే, తెర మీద తేదీ ఎన్నో ఏళ్ళ వెనకటిది చూపించింది. అప్పుడు అర్థమయింది. బోర్డు మీద బిళ్ళంత బ్యాటరీ అయిపోయింది. కరెంటు పోగానే మిషను తన సెట్టింగులు మరిచిపోయింది. కార్డు మీది డిస్కులతో లేవమని యమున తండ్రి ఎప్పుడో పెట్టిన సెట్టింగూ అందులోనే పోయింది. ఇక ఆ కార్డు రాసింది ఆ కార్డే చదవగలదు కాబట్టి తన షాపులో డిస్కులు ఖాళీగా కనిపించాయి.

బ్యాటరీ మార్చి, కార్డు నుంచే లేవమని సెట్ చేశాడు. నిమిషంలో లేచింది. పెళ్ళిళ్ళూ అన్నప్రాసనలూ వరసగా తెర మీదికొచ్చాయి.

"ఎలా తెచ్చారండీ?" అంది యమున. కళ్ళు తడిగా ఉన్నాయి. ఆమె అతన్ని అలా చూడడం అదే మొదలు.

"చాలా కష్టపడ్డానండి," అన్నాడు ఈశ్వర్.

ఆ ఒక్క మాటకి ఆ ఇంట్లో మధ్యాహ్నం భోజనం దక్కింది. యమున తల్లి రాజకుమారి చేపల పులుసు వడ్డిస్తూ ఏ ఊరనీ, ఎవరబ్బాయివనీ, ఇంట్లో ఎందరనీ అడిగింది. ఎందుకడుగుతోందో తెలిసి యమున చెవులు ఎర్రబడ్డాయి. మాటల్లో మాటగా రాజకుమారి, రైల్వే గేటు అవతల ఉండే లక్ష్మణమ్మ సంగతి చెప్పింది. నిన్న ఆమె భర్త పెద్దకర్మ. ఆయన ఫొటో ఉన్నది కూతురి పెళ్ళి ఫొటోల్లోనేనట. అడగడానికొస్తే పోయాయని యమున చెప్పి పంపించిందట. చేసేది లేక కుర్చీలో ఆయన తువ్వాలు పెట్టి, దానికే దండ వేశారట.

ఈశ్వర్ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"అమ్మా, డిస్కులు పోలేదు. ఏ రోజూ పోలేదు. నాకు తెలీక, పోయాయని సెప్పేశాను."

రాజకుమారి గరిటె కింద పెట్టింది.

"కష్టపడ్డానన్నారు?" అంది యమున.

"అబద్ధం."

ఆమె లేచి స్టూడియోలోకి వెళ్ళింది. కాసేపటికి ప్రింటరు చప్పుడు వినిపించింది. పెద్ద ఫొటో పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రండి. లక్ష్మణమ్మత్తకి మీరే సెప్పాలి."

లక్ష్మణమ్మ వాకిట్లో అతను నిలబడే అంతా చెప్పాడు. ఆవిడ విని, కొంగుతో ఫొటో తుడిచింది.

"ఇది నిన్న ఉంటే బాగుణ్ణు, బావు," అంది. అంతకు మించి ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికయ్యేదని అతనికి అనిపించింది.

తిరుగుదారిలో యమున అతనికి ఒక అడుగు ముందే నడిచింది. రైల్వే గేటు పడి ఉంటే ఆగింది.

"రేపు రండి. ఆ కంప్యూటరు ఎలా లేస్తాదో నాకు నేర్పాలి. ఇంకెవరు పోయిందన్నా నమ్మను."

"నేనన్నా నమ్మరా?"

"ముందు మిమ్మల్నే," అంది. పెదవి చివర నవ్వు దాచుకోబోయి, దాచుకోలేకపోయింది.

రైలు వెళ్ళిపోయింది. గేటు లేచాక ఆమె ముందు నడవలేదు. అతను కదిలేదాకా ఆగింది.