కోతకొచ్చిన మడిలో నీళ్లు

క్లయింటు కువైట్ నుంచి వీడియో కాల్ చేసింది. ఆమె వెనక గోడకు ఆనించి బియ్యం సంచులు ఉన్నాయి. గొంతు తగ్గించి మాట్లాడింది.

“నా పేరు వినోద. నేను పనిచేసే ఇంటి మేడం పండుకున్నది. లేసేలోపల చెప్పేస్త.”

కరీంనగర్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ నడిపే కోమల ఫోన్‌ను బల్లమీద నిలబెట్టింది. సహాయకురాలు నర్మద కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

వినోద కూతురు వనితకు పదహారేళ్లు. పెద్దపల్లి దగ్గరి పల్లెలో వినోద అక్క బుచ్చవ్వ ఆ పిల్లను పెంచింది. బుచ్చవ్వకు భర్త లేడు, పిల్లలు లేరు. వారం కిందట వనిత శవాన్ని బుచ్చవ్వ పొలంలోని బావిలోంచి తీశారు. చెప్పులు బావి మెట్టుమీద దొరికాయి. పోలీసులు ఆత్మహత్య అన్నారు.

“వచ్చే నెల నేను వాపస్ వస్తున్న. కరీంనగర్‌ల రూం తీసుకొని ఇద్దరం ఉందామన్న. పెద్దమ్మను ఇడిసి రానన్నది. రాకుంటే నువ్వు నా బిడ్డవే కాదన్న. ఏడ్చిన. ఫోన్ కోసేసిన. గా దినమే సచ్చింది.” వినోద ఆగింది. “బిడ్డను మట్టి చేసే దినం పోతనంటే మేడం తోలియ్యలే. నా మాటకే సచ్చిందా? గదొక్కటి చెప్పుండ్రి.”

“నిజం ఇంకోటైతే?” కోమల అడిగింది.

“గదైనా చెప్పుండ్రి.”

మర్నాడు కోమల, నర్మద బస్సులో పెద్దపల్లి వెళ్లి, అక్కడినుంచి ఆటోలో పల్లెకు చేరుకున్నారు. బుచ్చవ్వ పొలాన్ని కౌలుకు చేసే మల్లేష్ గట్టుమీద ఉన్నాడు. చుట్టూ మళ్లు కోసేశారు. అతని మడిలో వరి అలాగే ఉంది.

“నీది కోపియ్యలేదేంది తమ్మీ?” నర్మద అడిగింది.

“కోత మిషన్ దిగబడుతది అక్కా. కోతకని ఎప్పుడో నీళ్లు బంద్ పెట్టిన. పిల్లను బాయిలకెల్లి తీసిన దినం వచ్చి చూస్తే మడి నిండ నీళ్లు. ఎవడు పెట్టిండో మోటారు, వాని చేతులిరగ.”

“నువ్వే పెట్టి మరిచినవేమో?”

“మంచిగున్నది! నా కంచంల నేనే మన్ను పోసుకుంటనా? గా రాత్రి నేను మందమర్రిల ఉన్న, మా చెల్లె ఇంట్ల.”

మోటారు స్టార్టరు డబ్బాకు తాళం ఉంది. ఒక తాళంచెవి తన మొలతాడుకే ఉంటుందని, రెండోది బుచ్చవ్వ దగ్గర ఉంటుందని చెప్పాడు. అతని ఫోన్‌లో ఊరి గ్రూపులో వచ్చిన ఫొటో ఉంది. చెప్పులు పైనుంచి ఆరో మెట్టుమీద ఉన్నాయి. కోమల ఫొటో పట్టుకుని మెట్లు దిగి చూసింది.

పక్క పొలం లస్మవ్వ బావి గట్టుకు వచ్చింది. ఆమె ఇల్లు అక్కడికి కనిపిస్తూనే ఉంది.

“గా దినం పొద్దుగూకంగ గీడనే కాళ్లు కడుక్కున్న బిడ్డా. పై మెట్టు మీద కూసుంటే నీళ్లు కాళ్లకు తాకినయి. ఇంటికి పోతుంటే వనిత ఎదురొచ్చింది. కండ్లు తుడుసుకుంట వస్తుండె. ఏమైందే అంటే పలుకలే.”

బుచ్చవ్వ ఇంట్లో రెండు పక్కలు పరిచి ఉన్నాయి. ఆమె చేటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది.

“గా పొద్దు మీరెక్కడున్నరు అవ్వా?” కోమల అడిగింది.

“గీడనే. బీడీలు చేసుకుంట కూసున్న.”

“పిల్ల పక్కబట్టలు ఇంక తియ్యలేదా?” నర్మద అడిగింది.

“తీసి ఏడ పెట్టాలె?”

మల్లేష్ ఆ రాత్రి మందమర్రిలోనే ఉన్నాడని నర్మద అతని చెల్లెలి ఇరుగుపొరుగును అడిగి తేల్చుకుంది. మరుసటి మధ్యాహ్నం కోమల అందరినీ బుచ్చవ్వ ఇంటి అరుగుమీదికి పిలిచింది. ఎస్సై వచ్చాడు. మల్లేష్, లస్మవ్వ వచ్చారు. వినోద ఫోన్‌లో ఉంది. నర్మద ఫోన్‌ను గోడకు ఆనించి పెట్టింది.

“ఆ సాయంత్రం నీళ్లు పై మెట్టుదాకా ఉన్నాయి,” కోమల చెప్పింది. “ఆరో మెట్టు నీళ్ల కింద ఉంది. చెప్పులు అక్కడ పెట్టాలంటే నీళ్లు దిగాలి. మోటారు నడిచి నీళ్లు దిగాయి.”

“నీళ్లు దిగినంక పిల్లనే దూకిందేమో మేడం?” ఎస్సై అడిగాడు.

“మరి మోటారు ఎందుకు పెట్టినట్టు? కోతకొచ్చిన వరికి ఎవరూ నీళ్లు పెట్టరు. మడిలోకి నీళ్లు కావాలని పెట్టలేదు. బావి ఖాళీ కావాలని పెట్టారు. లోపల ఉన్న మనిషి కోసం. వనిత అప్పటికే లోపల ఉంది, ఆ సంగతి వాళ్లకు తెలుసు. తాళం పగల్లేదు. మల్లేష్ తాళంచెవి అతనితో మందమర్రిలో ఉంది. రెండోది ఈ ఇంట్లో ఉంది.”

బుచ్చవ్వ చేట కింద పెట్టింది.

“నాకు ఈత రాదు,” అంది. “పిల్ల ఏడుసుకుంట పోయిందని ఎనక పోయిన. తల్లికాడికి పోత అన్నది. ‘అవ్వ ఏడ్చింది పెద్దమ్మా, పోత’ అన్నది. గంతే, నాకు మండింది. మూడేండ్ల పిల్లప్పటి సంది సాదిన. చెయ్యి పట్టి గుంజిన, ఇడిపించుకున్నది. పోతే పో అని నూకిన. మునిగింది. మోటారు పెట్టి కూసున్న. మెట్టు మెట్టు బయటపడ్డది. పిల్ల బయటపడలే.”

“లస్మవ్వను కేకేస్తే వినిపించేది,” కోమల అంది. “మోటారు పెట్టారు. మనిషిని పిలవలేదు.”

“ఏమని పిలువాలె? నేనే నూకిన అని పిలువాల్నా?”

“చెప్పులు?”

“గుంజంగ గట్టుమీద ఊడినయి. తెల్లారుతుంటే నేనే పెట్టిన. తానే దూకిందనుకుంటరని.”

ఎస్సై లేచాడు. ఫోన్‌లోంచి వినోద పిలిచింది.

“అక్కా. నా కాడికి వస్త అన్నదా?”

“అన్నది.”

“మళ్లొక్కసారి చెప్పే.”

బుచ్చవ్వ అదే మాట మళ్లీ చెప్పింది. తర్వాత ఎస్సై వెంట జీపు దగ్గరకు నడిచింది. మల్లేష్, లస్మవ్వ ఇళ్లకు వెళ్లిపోయారు.

ఫోన్‌లో ఎవరో ఆడమనిషి అరబ్బీలో పిలిచింది. వినోద కొంగుతో ముఖం తుడుచుకుంది.

“అన్నం పెట్టే టైమైంది. పెట్టొస్త. ఫోన్ కొయ్యకుండ్రి మేడం. జర ఇల్లు కనబడనియ్యిండ్రి.”

కోమల ఫోన్‌ను గుమ్మం వైపు తిప్పింది. తెరమీద వినోద లేదు. ఇంకా ఆలస్యమైతే బస్సు దొరకదని నర్మద అంది. కోమల ఫోన్ అలాగే పట్టుకుని అరుగుమీదే కూర్చుంది.