మాది ఒక్కటి మీ మందల కలిసింది

ఈ ముచ్చట నాకు ముందుగాల చెప్పింది మా పెద్దక్క కాశమ్మ. తాండూరు బస్టాండులో యాలాల్ బస్సు కోసం కూసున్నప్పుడు, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చెప్పింది. ఆ తర్వాత చానామంది చానా తీర్ల చెప్పిండ్రు. వాళ్ళెవ్వరూ ఆ ఇంట్ల లేరు. కాశమ్మ ఉన్నది. అందుకే ఆమె చెప్పినట్టే రాస్తున్న. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు.

వాళ్ళ ఊరు యాలాల్ అవతల. రెండు అర్రల ఇల్లు, ముందట నాపరాళ్ళు పరిచిన వాకిలి, పక్కకు గొర్ల దొడ్డి. దొడ్డి మూడేండ్ల సంది ఖాళీ. కొడుకు ఈశ్వర్ గొర్లు కాయనని లారీ పట్టిండు. నాపరాళ్ళ లోడు ఎత్తుకొని నెలకు ఇరువై దినాలు రోడ్ల మీదనే ఉంటడు. మంద అమ్మిన నాడు కాశమ్మ పెనిమిటి కిష్టప్ప బువ్వ ముట్టలే. యాభై ఏండ్లు గొర్ల వెంట తిరిగిన మనిషి. ఈ ఎండకాలం ఆయనకు పక్షవాతం కొట్టింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయినయి. నోరు కూడ పోయింది. ఏం చెప్పబోయినా "బా..." అన్న ఒక్క సప్పుడే వస్తది.

ఈశ్వర్ బిడ్డ మల్లిక. తల్లి చిన్నప్పుడే పోతే కాశమ్మ చేతుల మీద పెరిగింది. ఇరువై మూడేండ్లు. తాండూరుల రాళ్ళ పాలిష్ చేసే కాడ కంప్యూటర్ ముందట కూసుంటది. పొద్దున బస్సుకు పోతది, దీపాలు పెట్టే యాళ్ళకు వస్తది. వచ్చినంక ఫోను. ఫోన్ల ఒక ఆట.

ఆ ఆట పేరు బూడిద రాజ్యం. కాశమ్మకు ఆ ఆట మొత్తం ఎరుకే. మల్లిక బువ్వ తినుకుంట చెప్తుంటె వినీ వినీ వచ్చేసింది. కత్తి పట్టిన వీరుడు ఊరూరు తిరుగుతడు. మంత్రగాళ్ళుంటరు, రెక్కల పాములుంటయి. అందరికంటె పెద్ద దుష్టుడు ముసుగుదొర. నెత్తి మీదికెల్లి మోకాళ్ళ దాక నల్ల గుడ్డ, మొఖం కనవడదు. వాడు వచ్చిన ఊరు ఖాళీ అయితది. ఆఖర్న వీరుడు వాన్ని చంపి ముసుగు గుంజితే లోపల ఏమీ ఉండదు. మరి వాడెవడు? ఆట చేసినోళ్ళు చెప్పలే. అందుకే ఆడేటోళ్ళు ఒకరి మీద ఒకరు పడి కొట్లాడుకుంటరు. ఒకడు వీరుని తండ్రే ముసుగుదొర అంటడు. ఇంకొకడు చచ్చిన రాజు అంటడు. మల్లిక కూడ యూట్యూబుల చానెల్ పెట్టి, ఇటువంటి వాదనలే మన భాషల చెప్పేది.

"గా దొరకు ఇల్లు లేదానే? ఎప్పుడు సూడు, ఒకరి తలుపు కాడనే నిలవడి ఉంటడు," అన్నది ఒకనాడు కాశమ్మ.

మల్లిక ముద్ద నోట్ల పెట్టుకోకుండ ఆగింది. "అవ్వా... ఇంతమందికి తట్టంది నీకు తట్టింది. నువ్వు చానెల్ నడుపు, నేను పప్పు ఏరుత!"

శ్రావణంల ముసురు పట్టింది. ఒక ఆదివారం పగటీలి మల్లిక తాత మంచం పక్కన కూసొని, ఫోను ఎదురుంగ నిలవెట్టి మొదలువెట్టింది.

"ముసుగుదొర రాజు కాదు, వీరుని తండ్రి కాదు. ఈ ఆటల ప్రతి ఊరికి ఒక దొడ్డి ఉంటది, చూసిండ్రా? గొర్రె మాత్రం ఒక్కటి కూడ ఉండదు. ఎందుకు? వాని మీద ఉన్నది ముసుగు కాదు, గొంగడి. అంచు నేత చూడుండ్రి. వాడు ఇప్పటి దాక ఒక్క తలుపు పగలగొట్టలే. నిలవడి అడుగుతడు, అంతే. వాడు గొర్ల కాపరి. ఈ కథ మా తాత నాకు చిన్నప్పుడే చెప్పిండు."

అని ఆ కథ ఎత్తుకున్నది. అనంతగిరి గుట్ట మీద ఒక వానకు ఒక కాపరి మంద చెదిరింది. అన్నీ దొరికినయి, ఒక్కటి దొరకలే. ఇల్లిల్లు తిరిగి తలుపు కాడ నిలవడ్డడు. ఎవ్వరూ తియ్యలే. తెల్లారి చూస్తే గొంగడి ఒక్కటే ఉన్నది, మనిషి లేడు. అప్పటి సంది ముసురు పట్టినప్పుడల్లా గుట్ట దిగుతడు.

"వచ్చిండు. తలుపు కాడ నిలవడ్డడు. ఏమడిగిండు? లోపలోళ్ళు ఏం జవాబియ్యాలె? రెండో భాగంల చెప్త."

ఫోను ఆపింది. మంచం కిర్రుమన్నది. కిష్టప్ప ఎడమ చెయ్యి మల్లిక రెక్కను పట్టుకున్నది. పట్టు ఎంత గట్టిదంటె గోర్లు దిగినయి.

"బా... బా..."

"ఏందయ్యా? ఒంటికి పోతవా?" కాశమ్మ ఉరికి సీసా తెచ్చింది. ఎడమ చేత్తోని కొట్టిండు, సీసా పోయి గోడకు తాకింది. నీళ్ళు తాగిపిచ్చవోతే పండ్లు బిగవట్టిండు. కండ్లకెల్లి నీళ్ళు కారుతున్నయి.

"తాతకు నచ్చలేదవ్వా, మొదటి డిస్‌లైక్ ఇంట్లనే పడ్డది," అని నవ్వి, మల్లిక ఆ వీడియో ఎక్కించింది.

తప్పు ఆడ జరిగింది. గొర్లు కాసే మా మందోళ్ళల్ల ఒక కట్టుబాటు ఉన్నది. ఆ కాపరిని కథల తలుపు కాడికి తెచ్చినంక, సాగనంపకుండ కథ ఆపొద్దు. మల్లిక చిన్నగున్నప్పుడు కిష్టప్ప ఈ కథ చెప్తుంటె తలుపు కాడికి వచ్చేసరికి పిల్ల నిద్రవోయేది. ఆయన ఆపకపోయేది. నిద్రవోయిన పిల్ల పక్కన చీకట్ల కూసొని, గొంతు తగ్గిచ్చి, చివరి దాక చెప్పి, వాన్ని గుట్ట ఎక్కిచ్చి గాని లేవకపోయేది. కాశమ్మకు ఆ గునుగుడు వినవడేది గాని మాట అర్థం కాకపోయేది. ఆ సాగనంపే మాట ముప్పై ఏండ్ల కింద నేను అడిగిన. "నీ నోట్ల మాట నిలువది, నీకు చెప్ప," అన్నడు బావ, పదిమందిల. అది నేను మరువలే. సరే, పోనీ.

మంగళారం నాడు కాగ్నా నది పొంగి బస్సులు బందయినయి. మల్లిక ఇంట్లనే ఉన్నది. పొద్దు గుంకేముందు కాశమ్మ కడప కాడ చాటల కందిపప్పు పోసుకొని రాళ్ళు ఏరుతున్నది. మల్లిక వీడియో కింద జనం రాసినవి చదివి వినిపిస్తున్నది.

"అవ్వా విను. వికారాబాద్ పిలగాడు, ఆదివారం రాత్రి రాసిండు. 'అక్కా, మా తలుపు కాడ తడిసిన గొంగడి వాసన. అంత నీ పుణ్యమే.' ధారూర్ ఆయన నిన్న రాసిండు. 'ఎవరో ముసలాయన, మాది ఒక్కటి కలిసింది అంటడు. ఇల్లు తప్పినవు తాతా అని తలుపేసిన.' తాండూరు ఆమె ఈ పొద్దున రాసింది. 'మా అమ్మ మాతాన ఏం లేదు పో అన్నది, పోయిండు. మెట్ల మీద గొర్రె పెంటికలు.'"

కాశమ్మ చెయ్యి చాటల ఆగింది. "వికారాబాద్... ధారూర్... తాండూరు. రైలు పట్టాల ఎంబడి వస్తుండేందే?"

"టికెట్ తీసుకున్నడో లేదో," అని నవ్వవోయి, ఫోను చూసి, మల్లిక నవ్వు మధ్యలనే ఆపింది. "అవ్వా... ఇంకొకటి. యాలాల్ నుంచి. ఇప్పుడే. పది నిమిషాలు కాలే."

వాన పడుతనే ఉన్నది.

"గా కథ ముగించు బిడ్డ. ఇప్పుడే. ఫోన్లనే చెప్పు."

"నాకు రాదవ్వా. నేను ఎన్నడూ ఆఖరి దాక వినలే. అసలు ఆఖరు ఉన్నదనే ఎరుక లేదు. రెండో భాగం నేనే అల్లుదామనుకున్న."

ఇద్దరూ మంచం దిక్కు చూసిండ్రు. కిష్టప్ప కండ్లు తలుపు మీదనే ఉన్నయి. మల్లిక ఉరికి నోటుబుక్కు, పెన్ను తెచ్చి ఎడమ చేతుల పెట్టింది. ఆయనకు అక్షరం రాదు. యాభై ఏండ్లు వేలిముద్రనే. అయినా పెన్ను పట్టిండు. ఒక గీత గీసిండు. ఇంకొకటి గీసిండు. కాయిదం చినిగింది. పెన్ను కింద పడ్డది. ఆ మనిషి నోరు తెరిచి, మెడ నరాలు ఉబ్బంగ, ఆ ఒక్క మాట కోసం కొట్లాడుతుంటె కాశమ్మ చూడలేకపోయింది.

లేచి తలుపు వేసి గొళ్ళెం పెట్టింది. కరెంటు పోయింది. కొవ్వొత్తి అంటిచ్చి చాయ పెట్టింది. తాగిండ్రు. ఎంతసేపటికీ ఏం కాలే. మల్లికే ముందు నవ్వింది. "ఫోన్ల ఎవరో మనల్ని ఆడుకుంటున్నరవ్వా. నువ్వు కూడ..." కాశమ్మకు సిగ్గనిపిచ్చింది. కొవ్వొత్తి దగ్గరికి జరిపి, మళ్ళ చాట ముందటేసుకున్నది.

గల్లీల డెక్కల సప్పుడు. ఎన్నో డెక్కలు, బురదల తపతప తపతప. అది రోజూ వినేదే. వాళ్ళ ఊరి గొర్లకాపరి శ్రీశైలం మంద గదే గల్లీల ఇల్లు చేరుతది. కాశమ్మోళ్ళ కాడ వాడు కొన్న గొర్రె ఒకటి, పాత అలవాటుకు, ఆమె ఖాళీ దొడ్డిల జొరవడుతది. వారానికి ఒకసారన్నా శ్రీశైలం వచ్చి అడుగుతడు. పోయిన గొర్రెను దేవులాడుకుంట వచ్చినోన్ని మందోళ్ళు లేదు పో అనరు. చూసుకో అంటరు. అది మర్యాద. పట్నపోళ్ళకు గా మర్యాద తెల్వది.

తడిసిన ఉన్ని వాసన వచ్చింది.

తలుపవతల ఒక గొంతు. మెల్లగ. మర్యాదగ.

"అక్కా... మాది ఒక్కటి మీ మందల కలిసింది."

"చూసుకో తమ్మీ," అన్నది కాశమ్మ, పప్పు మీది చూపు తియ్యకుండనే.

అన్నంక తెలిసింది.

మంచం మీద కిష్టప్ప చెయ్యి చప్పున కింద పడ్డది. మల్లిక "అవ్వా..." అన్నది, ఊపిరితోని. కొవ్వొత్తి ఆరింది.

గొళ్ళెం కదలలే. తలుపు కిర్రుమనలే. కాని డెక్కల సప్పుడు నాపరాళ్ళ మీదికి వచ్చింది... తర్వాత ఇంట్లకు వచ్చింది. ఒకటి కాదు, రెండు కాదు. వేడి ఊపిరులు... తడి ఉన్ని... కాళ్ళకు రాసుకుంట పోతున్నయి. కాశమ్మ అరవాలనుకున్నది. దవడలు అంటుకపోయినయి. లేవాలనుకున్నది. ఒళ్ళంత రాయి.

చీకట్ల గొర్రెను గుర్తువట్టేది ఎట్ల? వీపు మీద చెయ్యి వేస్తరు. చెవి తడుముతరు. మంద గుర్తుకు పెట్టిన చెవికోత ఎవరిదో వాళ్ళకు ఎరుక.

కాశమ్మ వీపు మీద ఒక చెయ్యి పడ్డది. మంచు తీరు. మెల్లగ పైకి పాకి, చెవి కొన పట్టుకొని చూసింది.

"ఇది కాదు."

మంచం కిర్రుమన్నది.

"ఇది కాదు."

ఆ చీకట్ల కిష్టప్ప ఉన్న బలమంత కూడగట్టుకొని నోరు తెరిచిండు. ఆ సాగనంపే మాట రావాలని కాశమ్మ దేవుండ్లందరికీ మొక్కింది.

"బా..."

ఇల్లంత, వాకిలంత, గల్లీ అంత... వందల గొంతులు జవాబిచ్చినయి. బా...

"అవ్వా," అన్నది మల్లిక. "అవ్వా, నా చెవి..."

"ఇదే," అన్నది ఆ గొంతు. సంతోషంగ అన్నది. పోయింది దొరికినోడు అన్నట్టే.

కరెంటు వచ్చింది. గొళ్ళెం పెట్టినది పెట్టినట్టే ఉన్నది. కిటికీలు మూసినవి మూసినట్టే ఉన్నయి. మల్లిక లేదు. నేల పొడిగ ఉన్నది. శ్రీశైలం ఆనాడు వానకు మందనే విడవలేదని తెల్లారి తెలిసింది.

పోలీసులు ఎవరితోనన్న పోయిందా అని అడిగిండ్రు. ఊరోళ్ళు అడగకుండనే పోయిందన్నరు. ఈశ్వర్ లారీ వదిలి నెల దినాలు గుట్ట చుట్టు తిరిగిండు. కిష్టప్ప గోడ దిక్కు తిరిగి పండుకున్నడు, మళ్ళ ఇటు తిరగలే.

ఇగ వికారాబాద్ శ్రీహరి అని ఒకడు. వానిది కూడ గదే ఆట చానెల్. మల్లిక బతుకును తీసుకపోయి వాదన చేసిండు. తలుపు తీసింది మల్లికనేనట. ముసుగుదొరను పిలిచింది ఆమెనేనట. ఆమె దొర బిడ్డనేనట. లక్షల మంది చూసిండ్రు. గొంగడి పిల్ల అని పేరు పెట్టి, కొమ్ములు పెట్టి బొమ్మలు గీస్తున్నరు. నేను వానికి మనిషిని పంపి చెప్పిచ్చిన. ఆ మనిషినే వీడియో తీసిండు. వాన్ని నేను ఊకె విడవ.

ఇప్పుడు ముసురు పట్టినప్పుడల్లా జనం ఇంకొకటి రాస్తున్నరు. కాశమ్మకు ఎవరో చదివి చెప్పిండ్రు. తలుపు కాడికి ఇద్దరు వస్తున్నరట. ముసలోడు అడుగుతడట. పక్కన ఒక ఆడపిల్ల గొంతు, లోపల ఎంతమంది ఉన్నరో మెల్లగ లెక్క చెప్తదట. ముగ్గురున్న ఇంట్ల నలుగురు అంటదట. ఒంటిగ ఉన్నోళ్ళకు ఇద్దరు అంటదట. ఏ ఇంట్లనూ లెక్క సరిపోలేదట. అందరింట్ల ఒకటి ఎక్కువనే.

ఆ ఒకటి ఎవరో కాశమ్మకు తెల్వది, నాకూ తెల్వది.

ఆమె అడిగింది ఒక్కటే. నాకు ఆ ఫోన్ల రాయరాదు. చదువుకున్నోళ్ళు, ఆ ఆట ఆడేటోళ్ళు ఎవరన్న ఉంటే, ఆ వీడియోల కింద అందరికీ కనవడేటట్టు రాయుండ్రి. ఆ పిల్ల దుష్టురాలు కాదు. పేరు మల్లిక, ఈశ్వర్ బిడ్డ. తలుపు తియ్యలే, ఎవర్నీ పిలువలే. చూసుకొమ్మన్నది కాశమ్మ. గది సరిచేయుండ్రి.